ఖరీఫ్ వస్తే కొండ దిగే ఒంటెలు

ఖరీఫ్ అనే మాట తెలుగు రైతుకు కొత్త కాదు. తొలకరి పడగానే వేసే పంటను మనం ఖరీఫ్ పంట అంటాం. ఈ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన పొలాల్లోకి వచ్చింది. అరబ్బీలో దానికి శరదృతువు అని అర్థం. అయితే అరేబియా ద్వీపకల్పంలోనే ఒక మూల, ఈ మాటను మనలాగే వానకారుకు వాడుకునే సీమ ఒకటి ఉంది. ఒమాన్ దేశపు దక్షిణ కొసన, యెమెన్ సరిహద్దును ఆనుకొని ఉన్న ధోఫార్ ప్రాంతమే అది. దాని ముఖ్య పట్టణం సలాలా. రాజధాని మస్కట్ నుంచి రోడ్డు మార్గాన వెళితే సుమారు 1,000 కిలోమీటర్లు. దారిలో అత్యధిక భాగం ఎడారే.

జూన్ మూడో వారం నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా అక్కడ ఖరీఫ్ కాలం. అదే సమయంలో మస్కట్‌లోనూ దుబాయిలోనూ ఎండ నలభై డిగ్రీలు దాటి మండుతుంటుంది. సలాలా కొండల మీద మాత్రం పట్టపగలు కూడా ఇరవై అయిదు డిగ్రీలకు అటూ ఇటూగా చల్లగా ఉంటుంది. పొగమంచు కొండలను కప్పేస్తుంది. సన్నని తుంపర రోజుల తరబడి ఆగదు. నిన్నటిదాకా గోధుమరంగులో బీడువారిన వాలులు కొన్ని వారాల్లోనే పచ్చని తివాచీగా మారిపోతాయి. ఆ పచ్చదనాన్ని చూడటానికి గల్ఫ్ దేశాలన్నిటి నుంచి కుటుంబాలు కార్లలో తరలివస్తాయి. ఒమాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళు కూడా సెలవు దొరికితే పిల్లలను తీసుకొని ఆ దారినే పడతారు.

పర్యాటకులు కొండ ఎక్కే ఆ రోజుల్లోనే, తరతరాలుగా, ధోఫార్ ఒంటెలు కొండ దిగుతాయి. మేత పెరిగే చోటును వదిలి, మేత తక్కువగా ఉన్న సముద్రతీరపు మైదానానికి వస్తాయి. చూడటానికి వింతగా తోచే ఈ ప్రయాణంలో ఒంటె ఆరోగ్య రహస్యం ఇమిడి ఉంది. మూగజీవాల విషయంలో మనిషికి ఉన్న బాధ్యత ఎంతటిదో కూడా అది చెబుతుంది.

ఎడారి అంచున వానకొండలు

ధోఫార్‌లో తీరం వెంబడి మూడు పర్వత శ్రేణులు వరుసగా నిలిచి ఉన్నాయి. పడమట జబల్ ఖమర్, నడుమ జబల్ ఖరా, తూర్పున జబల్ సమ్హాన్. వాటికి ముందు సముద్రం, వెనుక నజ్ద్ అని పిలిచే ఎండు పీఠభూమి, ఆపైన అంతులేని రుబ్ అల్ ఖాలీ ఎడారి. ప్రపంచమంతటికీ పేరెన్నికగన్న ధోఫార్ సాంబ్రాణి చెట్లు బాగా పెరిగేది వానపడే వాలుల మీద కాదు, వాన చేరని ఆ వెనుకవైపు ఎండునేలల్లోనే. సాంబ్రాణి నేలలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత ఎడారిలో ఈ వాన ఎక్కడిది? మన కేరళను తడిపే నైరుతి గాలులే ఇక్కడికీ వస్తాయి. అవి తీరం వెంట బలంగా వీస్తూ సముద్రపు పైనీటిని దూరంగా నెట్టేస్తాయి. అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ చల్లని నీటి మీదుగా వచ్చే తేమగాలి పొగమంచుగా మారి కొండలను తాకుతుంది. పైన ఎడారి వేడిగాలి మూతలా కప్పి ఉండటంతో మంచు పైకి పోలేక కొండల నడుమే నిలిచిపోతుంది. సలాలా పట్టణంలో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లే. కొండల మీది చెట్లు మాత్రం తమ ఆకులతో మంచును పట్టి, బొట్లుబొట్లుగా నేలకు దించుకుంటాయి. ఆకాశం నుంచి కుండపోతగా కురవకపోయినా అడవిని బతికించే ఏర్పాటు అది. సృష్టికర్త ఏర్పాట్లు ఎంత సున్నితమైనవో ఈ కొండలు చూస్తే అర్థమవుతుంది.

ఈ కొండల్లో నివసించే తెగల వారు అరబ్బీతోపాటు జబాలీ అనే ప్రాచీన భాష మాట్లాడతారు. షహరీ అని కూడా దాన్ని పిలుస్తారు. వారు ఆవులు, మేకలు, ఒంటెలు మూడింటినీ పెంచుతారు. అరేబియాలో ఆవుల మందలు కొండల మీద మేయడం అరుదైన దృశ్యం. ఆవుకు నచ్చిన తడిగాలి ఒంటెకు నచ్చదన్న సంగతి వారికి పుస్తకాలు చదివి తెలిసింది కాదు.

ఎండ కోసం మలచిన దేహం

ఒంటె ఎలా సృష్టించబడిందో చూడండని దివ్య ఖుర్ఆన్ అల్ ఘాషియా సూరాలో మానవులను ఆలోచనకు ఆహ్వానిస్తుంది. ఆకాశం, పర్వతాలు, భూమి - ఈ మూడింటికంటే ముందు అక్కడ ఒంటె ప్రస్తావన వస్తుంది. ఆ ఆహ్వానాన్ని మన్నించి కొంచెం పరిశీలిద్దాం.

దాహంతో ఉన్న ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీల సెల్సియస్‌కు దిగి, సాయంత్రానికి 40 డిగ్రీలు దాటగలదు. మనిషికి ఇందులో సగం తేడా వచ్చినా ప్రాణాపాయమే. పగటి వేడిని ఒంట్లోనే దాచుకొని, రాత్రి చల్లగాలికి వదిలేయడం వల్ల ఒంటె చెమట రూపంలో నీరు పోగొట్టుకోవలసిన అవసరం తగ్గుతుంది. దాని ముక్కు లోపలి మెలికలు తిరిగిన గదులు, బయటికి పోయే ఊపిరిలోని తేమను తిరిగి పట్టుకుంటాయి. మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కగా చేసి నీటిని మిగుల్చుతాయి. శరీర బరువులో నాలుగో వంతు నీరు కోల్పోయినా అది నడవగలదు. నీరు దొరికినప్పుడు కొద్ది నిమిషాల్లోనే 100 లీటర్ల దాకా తాగగలదు. ఇసుకలో కూరుకుపోకుండా వెడల్పయిన మెత్తని పాదాలున్నాయి.

ఈ వరాలన్నీ పొడిగాలిని, పొడినేలను ఉద్దేశించి ఇచ్చినవి. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. తడిసిన బొచ్చు రోజుల తరబడి ఆరకపోతే దాని కింది చర్మం మెత్తబడి బూజుకూ పురుగులకూ నెలవవుతుంది. ఇసుకలో బంగారంలా పనిచేసిన పాదం, తడిసిన బంకమట్టి వాలు మీద పట్టు చిక్కక జారిపోతుంది. ఒంటె అంతటి భారీ జంతువు కాళ్ళు రెండు పక్కలకు చీలి పడితే, తొడల దగ్గరి కండరాలు, కీళ్ళను పట్టి ఉంచే నరాలు తెగిపోవచ్చు. అలా పడిన ఒంటె చాలాసార్లు మళ్ళీ లేవదు. ఒకచోట బలమైనదే మరొకచోట బలహీనత కావడం ఇక్కడ కళ్ళకు కడుతుంది.

కాబట్టే ఖరీఫ్ మేఘాలు కొండలను కమ్ముకోకముందే ధోఫార్ పెంపకందారులు ఒంటెలను జర్బీబ్ అని పిలిచే తీర మైదానానికి తోలుకొస్తారు. అక్కడ తుంపర తక్కువ, నేల చదును, సముద్రపు గాలి నిరంతరం వీస్తూ ఈగలను నిలువనివ్వదు. సెప్టెంబరు చివర్లో మంచు విడిపోయి ఎండ కాచాక సర్బ్ అనే ఋతువు మొదలవుతుంది. నేల గట్టిపడుతుంది, ఈగలు తగ్గుతాయి, గడ్డి మోకాలెత్తు నిలిచి ఉంటుంది. అప్పుడు మందలు బారులు తీరి మళ్ళీ కొండ ఎక్కుతాయి. సూడాన్ ఒంటెల కాపరులు కూడా వానలు మొదలుకాగానే బురదనూ ఈగలనూ తప్పించుకోవడానికి మందలతో ఉత్తరాన ఎడారివైపు కదిలిపోతారు. వేల కిలోమీటర్ల దూరంలో, వేర్వేరు భాషలు మాట్లాడే కాపరులు ఒకే నిర్ణయానికి వచ్చారంటే, వారికి పాఠం నేర్పిన గురువు ఒంటే అయి ఉండాలి.

ఈగ మోసుకొచ్చే జ్వరం

ఒంటెల కాపరి ఈగకు ఇంతగా జంకడానికి కారణం సుర్రా అనే జబ్బు. దీనికి మూలం రక్తంలో ఈదులాడే కంటికి కనిపించని సూక్ష్మజీవి. పేరు ట్రిపనోసోమా ఇవాన్సై. బ్రిటిష్ సైన్యపు పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడిన గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని కనుగొన్నాడు. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. జంతువులకు రోగం తెచ్చే ఈ జాతి సూక్ష్మజీవుల్లో మొదట బయటపడింది ఇదే.

జోరీగ జబ్బు ఒంటెను కుట్టి రక్తం పీలుస్తుంది. ఒంటె తోక విదిలించగానే లేచి, ఆకలి తీరక పక్కనున్న ఒంటె మీద వాలుతుంది. దాని నోటికంటిన తాజా రక్తంతోపాటే రోగమూ చేరుతుంది. వానలు పడి, నేల తడిసి, నీటి మడుగులు ఏర్పడినప్పుడు జోరీగలు విపరీతంగా పెరుగుతాయి. మంద ఎంత ఇరుకుగా ఉంటే రోగం అంత వేగంగా పాకుతుంది.

ఈ జబ్బు ఒక్కసారిగా కూల్చదు. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. రక్తం క్షీణిస్తుంది. కళ్ళ లోపలి పొర తెల్లబడుతుంది. మూపురం కరిగి ఒరిగిపోతుంది. పొట్ట కింద, రొమ్ము దగ్గర వాపు కనిపిస్తుంది. మేత తింటూనే చిక్కిపోయే ఒంటెను చూసి అనుభవం లేనివారు ఆకలి అనుకుంటారు. రాజస్థాన్‌లో దీనికి తిబర్సా అని పేరు. మూడేళ్ళపాటు పీడిస్తుందన్న అర్థంలో పెట్టిన పేరది. చూడి ఒంటెకు సోకితే పిల్ల పడిపోతుంది. ఒంటె సుమారు 13 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మళ్ళీ ఈనడానికి రెండేళ్ళ దాకా పడుతుంది. పిల్ల పోవడమంటే ఆ కుటుంబానికి రెండేళ్ళ పాలు, రెండేళ్ళ ఆశ పోవడమే.

అనేక దేశాల కాపరులు ఒంటె మూత్రం పడిన ఇసుకను వాసన చూసి సుర్రాను గుర్తుపడతారు. పశువైద్యులు రక్తపరీక్షతో నిర్ధారిస్తారు. మందులున్నాయి. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆవులకూ గేదెలకూ ఇలాంటి జ్వరాలలో ఇచ్చే డిమినాజీన్ అనే మందు ఒంటెకు విషంగా పరిణమించవచ్చు. ఒంటెను పెద్ద ఆవుగా భావించి చికిత్స చేయకూడదు. ఆ జంతువు తెలిసిన వైద్యుడే చూడాలి.

చర్మం, పాదం, పేగు, ఊపిరి

సుర్రా తర్వాత ఒంటెను అంతగా బాధించేది గజ్జి. అరబ్బులు దీన్ని జరబ్ అంటారు. చర్మంలోకి తొలుచుకుపోయే సూక్ష్మమైన పురుగు దీనికి కారణం. మొదట తల, మెడ, తొడల లోపలి భాగాల్లో దురద మొదలవుతుంది. ఒంటె చెట్లకు, రాళ్ళకు ఒళ్ళు రాచుకుంటుంది. బొచ్చు ఊడి, చర్మం మందమై, ముడతలుపడి, పగిలిపోతుంది. దురద వల్ల మేత మానేసి పాలు తగ్గిపోతాయి. ఇది ఒంటె నుంచి ఒంటెకే కాదు, దాన్ని పట్టుకొనే మనిషికీ అంటుకుంటుంది. అందుకే పూర్వపు అరబ్బులు గజ్జి పట్టిన ఒంటెకు తారు పూసి, మందకు దూరంగా కట్టేసేవారు.

తడి ఎక్కువైనప్పుడు వచ్చే చర్మవ్యాధులు ఇంకా ఉన్నాయి. తామరలాంటి బూజు వ్యాధి ముఖ్యంగా పిల్ల ఒంటెలను పట్టుకుంటుంది. నానిన చర్మం మీద గట్టి పెచ్చులు కట్టే మరో వ్యాధి వాన రోజుల్లో వస్తుంది. పిడుదులు చెవుల్లో, ముక్కు రంధ్రాల్లో, తోక కింద గుంపులుగా చేరి రక్తం పీలుస్తాయి.

బురదలో మెత్తబడిన అరికాలికి ముల్లో రాయో గుచ్చుకుంటే ఆ గాయం ఆరదు, చీము పడుతుంది. తడిగడ్డి మీద పేగు పురుగుల పిల్లలు ఎక్కువ కాలం బతికి ఉంటాయి. ఎడారిలో ఎత్తయిన ముళ్ళచెట్ల ఆకులు కోసుకు తినే ఒంటె, ఇక్కడ నేలబారు గడ్డి మేస్తూ వాటిని మింగేస్తుంది. కడుపులో చేరిన ఆ పురుగులు రక్తం పీల్చి దాన్ని పాలిపోయేలా చేస్తాయి. గాలి ఆడని పాకలో, తడి నేల మీద కట్టేస్తే ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది. చిన్నపిల్లలు ముందుగా బలి అవుతాయి.

ఈ జాబితా అంతటినీ చదివితే ఒక్క సంగతి స్పష్టమవుతుంది. వీటిలో చాలావాటికి మందుకన్నా ముందు చోటు మార్పు అవసరం. ధోఫార్ కాపరి కొండ దిగడంలో చేసేది అదే. ఆయన మంద నడక ఆయన వాడే మొదటి మందు.

ప్రవక్త (స) బోధనల్లో రోగి ఒంటె

ఒంటె గజ్జి ప్రస్తావన హదీసు గ్రంథాల్లో ఉందని మనలో ఎందరికి తెలుసు? రోగం తనంతట తానే, దైవాజ్ఞతో పనిలేకుండా అంటుకుంటుందన్న అజ్ఞాన కాలపు నమ్మకాన్ని దైవప్రవక్త (స) ఖండించినప్పుడు, ఒక ఎడారివాసి తన అనుభవం చెప్పుకున్నాడు. ఇసుకలో జింకల్లా నిగనిగలాడే తన ఒంటెల మధ్యకు గజ్జి ఒంటె ఒకటి వచ్చి చేరితే అన్నిటికీ గజ్జి పట్టిందని అన్నాడు. అప్పుడు ప్రవక్త (స), మరి మొదటి ఒంటెకు ఎవరు అంటించారని ఎదురు ప్రశ్న వేశారు. కారణాలన్నిటి వెనుక ఉన్న అసలు కర్త అల్లాహ్‌యేనని ఆ ఒక్క ప్రశ్నతో గుర్తుచేశారు. అదే సమయంలో, రోగగ్రస్తమైన ఒంటెలున్నవాడు వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల వద్దకు తోలుకురాకూడదని కూడా ఆదేశించారు. ఈ రెండూ హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనాలుగా సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

విశ్వాసం, జాగ్రత్త ఇక్కడ ఒకదానికొకటి విరుద్ధం కాలేదు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. రోగిని వేరుగా ఉంచడం మన చేతిలో ఉంది. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం మోపమన్న ప్రవక్త (స) ఉపదేశమూ ఇదే దారిని చూపుతుంది.

మరో సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ప్రవక్త (స) ఒక అన్సారీ సహాబీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయనను చూడగానే మూలిగింది. దాని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఆయన దగ్గరికి వెళ్ళి దాని చెవుల వెనుక నిమిరితే శాంతించింది. దాని యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ పశువు విషయంలో ఆయనకు భయపడవా అని మందలించారు. తనను ఆకలితో మాడ్చి, అతిగా పని చేయిస్తున్నావని ఆ ఒంటె ఫిర్యాదు చేసిందని చెప్పారు.

ప్రయాణ మర్యాదల్లోనూ ఈ శ్రద్ధ కనిపిస్తుంది. పచ్చిక ఉన్న నేల గుండా వెళితే ఒంటెలకు ఆ నేలనుంచి వాటి హక్కు ఇవ్వమన్నారు. కరవు నేల గుండా వెళితే త్వరగా దాటించమన్నారు. రాత్రి బస చేసేటప్పుడు పురుగూ పుట్రా తిరిగే దారిని వదిలి పక్కకు దిగమన్నారు. అంటే నేలను బట్టి, కాలాన్ని బట్టి పశువుతో మన నడక మారాలి. ఖరీఫ్‌కు ముందు కొండ దిగే కాపరి తెలిసో తెలియకో ఈ మర్యాదనే పాటిస్తున్నాడు.

చేపలు తినే పశువులు, ఈత కొట్టే ఒంటెలు

మేత వదిలి దిగిన ఒంటెలకు మైదానంలో ఆహారం ఏమిటి? ఎండుగడ్డి, దాణాలతోపాటు ఎండబెట్టిన కవళ్ళు. ధోఫార్ తీరంలో ఈ చిన్న చేపలు రాశులుగా పడతాయి. వాటిని ఒడ్డున ఇసుక మీద పరచి ఎండబెట్టి, మేత కరువైన నెలల కోసం దాచుకుంటారు. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ తీరంలోని జఫార్ నగరానికి వచ్చినప్పుడు ఇక్కడి పశువులు చేపలు తినడం చూసి, ఇలాంటిది మరెక్కడా చూడలేదని ఆశ్చర్యపోయాడు. అక్కడి బజారులో ఈగల బెడదనూ ఆయన రాశాడు. ఇక్కడివారు తినే బియ్యం హిందూదేశం నుంచి వస్తుందని కూడా నమోదు చేశాడు. ఆ నగర శిథిలాలు అల్ బలీద్ పేరుతో సలాలా ఒడ్డున నేటికీ ఉన్నాయి.

ఎడారిలోని ఉప్పటి మొక్కలు ఒంటెకు ప్రీతి. ఇతర పశువులకన్నా దానికి ఉప్పు చాలా ఎక్కువ కావాలి. వానకు తళతళలాడే తీపి గడ్డిలో ఆ ఉప్పు ఉండదు. కాబట్టి తేమ ప్రాంతాల్లో ఒంటెను ఉంచేవారు దాని ముందు ఉప్పుగడ్డ ఎప్పుడూ ఉంచాలి.

మన దేశంలోనూ తడిని తట్టుకొనే ఒంటెలు లేకపోలేదు. గుజరాత్‌లోని కచ్ తీరంలో ఖారాయీ అనే జాతి ఉంది. ఖారా అంటే ఉప్పన. ఈ ఒంటెలు సముద్రపు పాయల్లో ఈదుకుంటూ వెళ్ళి మడ అడవుల ఆకులు మేస్తాయి. వాటిని పెంచేవారిలో ఫకీరానీ జత్ అనే ముస్లిం తెగ, రబారీలు ఉన్నారు. 2015లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు. అయితే తరతరాల పెంపకంతో ఆ ఉప్పునీటి నేలకు అలవాటుపడిన జాతి అది. థార్ ఎడారి ఒంటెను తెచ్చి మడ అడవిలో వదిలితే అది ఖారాయీ కాలేదు.

మారుతున్న కొండలు

ధోఫార్‌లో కూడా పాత పద్ధతి చెక్కుచెదరకుండా లేదు. 1970 తర్వాత రోడ్లు, బావులు, కొనుగోలు దాణా, పశువైద్యం కొండలకు చేరాయి. అవి మేలు చేశాయి. మందలూ పెరిగాయి. పూర్వం మేత తగ్గితే మందా తగ్గేది. ఇప్పుడు లారీలో దాణా వస్తుంది గనుక మంద తగ్గదు. అతిగా మేయడం వల్ల కొండల మీద లేతమొక్కలు చెట్లు కాకముందే పోతున్నాయి. మంచును పట్టి నేలకు దించే చెట్టే లేకపోతే, ఖరీఫ్ వచ్చినా కొండకు దక్కే నీరు తగ్గిపోతుంది. ఒంటెను తేమ నుంచి కాపాడటం ఎంత ముఖ్యమో, తేమను కొండకు అందించే అడవిని ఒంటె నుంచి కాపాడటమూ అంతే ముఖ్యమని అక్కడివారు గ్రహిస్తున్నారు. సృష్టిలో సమతూకాన్ని నిలిపినవాడు అల్లాహ్. దాన్ని చెడగొట్టవద్దని అర్రహ్మాన్ సూరా హెచ్చరిస్తుంది.

ఖరీఫ్‌లో సలాలా వెళ్ళే కుటుంబాలకు ఒక మాట. పొగమంచులో రోడ్డు మీదికి ఒంటె వస్తే దగ్గరయ్యేదాకా కనిపించదు. వాహనం నెమ్మదిగా నడపండి. ఫొటోల కోసం పిల్ల ఒంటెల వెంటపడి వాటిని తడి వాలుల మీద పరుగెత్తించవద్దు. ఆ జారుడు వాటికి ప్రాణాంతకం.

మన ఊళ్ళకు వచ్చే ఒంటెలు

ఇప్పుడు మన ఇంటి ముందుకు వద్దాం. తెలుగు పట్టణాలకు రాజస్థాన్ వైపు నుంచి ఒంటెలను నడిపించుకు వచ్చి, పిల్లలను ఎక్కించి బతికే సంచారులు కనిపిస్తుంటారు. బక్రీదుకు ముందు హైదరాబాద్‌కు ఒంటెలను తరలించడమూ చూస్తున్నాం. మన తేదీలు చంద్రమానాన్ని బట్టి కదులుతాయి గనుక, 2018 నుంచి 2025 దాకా బక్రీదు జూన్, జులై, ఆగస్టు నెలల్లో, అంటే సరిగ్గా మన ఖరీఫ్‌లోనే వచ్చింది. పొడి ఎడారిలో పుట్టిన ఒంటె వందల కిలోమీటర్లు లారీలో కాళ్ళు కట్టేసి ఇరుకుగా ప్రయాణించి, బురద ఖాళీ స్థలంలో తుంపరలో నిలబడితే దాని స్థితి ఏమవుతుందో పైన చదివినవన్నీ చెబుతున్నాయి.

దేశంలో ఒంటెల సంఖ్య కూడా వేగంగా పడిపోతోంది. 2012 పశుగణనలో సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి సుమారు రెండున్నర లక్షలకు తగ్గాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2015లో ఒంటె వధను నిషేధిస్తూ, రాష్ట్రం బయటికి తరలింపును నియంత్రిస్తూ చట్టం చేసింది. దేశ ఆహార భద్రతా నిబంధనల్లోని మాంసపు జంతువుల జాబితాలోనూ ఒంటె లేదు. పౌరులుగా చట్టాన్ని గౌరవించడం మన బాధ్యత.

చట్టం మాట అటుంచి ధర్మం మాట చూసినా, ఖుర్బానీకి ఒంటె తప్పనిసరి ఏమీ కాదు. స్పష్టంగా రోగంతో ఉన్నది, స్పష్టంగా కుంటుతున్నది, ఒంటికన్నుది, మజ్జ కూడా మిగలనంతగా చిక్కిపోయినది ఖుర్బానీకి పనికిరావని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతుంది. సుర్రాతో మూపురం కరిగిన ఒంటె, బురదలో కాలు చీలిన ఒంటె, గజ్జితో చర్మం పగిలిన ఒంటె - వీటిని నలుగురిలో గొప్ప కోసం కొని తెచ్చే ముందు ఈ హదీసును గుర్తు తెచ్చుకోవాలి. అల్లాహ్‌కు చేరేది మాంసమూ రక్తమూ కాదు, మన భయభక్తులేనని ఖుర్ఆన్ చెబుతూనే ఉంది.

పిల్లలను ఒంటె ఎక్కించేవారు కూడా ఒక్క క్షణం దాన్ని తేరిపార చూడండి. అది కుంటుతోందా? కంటి లోపలి పొర పాలిపోయిందా? చర్మం మీద బొచ్చు ఊడిన మచ్చలున్నాయా? ఉంటే ఎక్కవద్దు. దానిని నడిపించేవాడు కూడా పేదవాడే. అతని మీద కోపగించుకోవడం వల్ల ఒంటెకు మేలు జరగదు. మన వీధి పశువైద్యశాల దారి చూపించండి. తడి తగలని నీడ, ఒక ఉప్పుగడ్డ, ఒక రోజు విశ్రాంతి దొరికేలా సాయపడండి. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించినవారికి అల్లాహ్ క్షమాపణ ప్రసాదించిన సంగతి మనమందరం చిన్నప్పుడే విన్నాం. పచ్చి కాలేయం ఉన్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందని ప్రవక్త (స) చెప్పారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఒంటె వీపు మీది పుండులో స్వయంగా చేయి పెట్టి చూసి, దీని గురించి పరలోకంలో తనను ప్రశ్నిస్తారేమోనని భయపడ్డారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అంతటి విశాల సామ్రాజ్యానికి ఖలీఫా అయిన ఆయనకే ఒక ఒంటె పుండు అంత బరువుగా తోచింది. ధోఫార్ కాపరికి తన మంద నోరులేని అమానత్. మేఘం కనిపించగానే ఆయన దాన్ని దించుతాడు, మంచు విడిపోగానే ఎక్కిస్తాడు. మన దగ్గర మందలు లేకపోవచ్చు. కానీ మన గడపకు వచ్చిన ఏ జీవి అయినా, అది ఎక్కడ పుట్టిందో, ఏ గాలిని తట్టుకోగలదో తెలుసుకొని మసలుకోవడం మనందరి మీద ఉన్న అమానతే. ఆ అమానత్‌ను నెరవేర్చే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.